ఆ గ్లాసు గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రచన మూడు రోజుల క్రితం అందింది. మొదటి రెండు పేజీలు చదివి, కాగితాలు బల్ల మీద పెట్టేసి, కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. తర్వాత కూర్చుని మిగతా ఆరు పేజీలు చదివాను. ఈ ఉత్తరం ఆ ఆరు పేజీల మీద కోపంతో రాస్తున్నాను. ఆ రెండు పేజీలే లేకపోతే నాకు కోపం కూడా వచ్చేది కాదు.

నీ మొదటి రెండు పేజీల్లో ఉన్నది ఇది. మీ నాన్నగారు పోయిన మూడో వారం. రాత్రి మూడు గంటలకు దాహం వేసి లేచావు. గ్లాసులోకి నీళ్లు వంపుతుంటే ఆయన గదిలోంచి రెండు పొడి దగ్గులు వినిపించాయి. "ఆ, తెస్తున్నా నాన్నా" అన్నావు. గ్లాసు పట్టుకుని గది గుమ్మం దాకా నడిచావు. అక్కడ గుర్తొచ్చింది.

నీ నోట ముందు జవాబు వచ్చింది, భయం ఆ తర్వాత వచ్చింది. ఈ వరస కూర్చుని కల్పిస్తే దొరికేది కాదు. నెలల తరబడి రాత్రుళ్లు లేచి మందూ నీళ్లూ అందించిన మనిషికే తెలుస్తుంది. నేను యాభై ఏళ్లుగా ఇలాంటి అనుభవాలు వింటున్నాను, రాస్తున్నాను. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ నీ రెండు వాక్యాల వంటివి నా పుస్తకాలన్నింటిలో వెతికినా నాలుగైదుకు మించి ఉండవు.

మూడో పేజీలో కరెంటు పోయింది. కుక్కలు ఏడ్చాయి. గోడ గడియారం ఆగిపోయింది. కిటికీ అవతల తెల్లబట్టల్లో ఎవరో నిలబడ్డారు. ఏడో పేజీలో పక్కింటి పెద్దాయన వచ్చి, వెనకటికి ఆ గదిలో ఒక హత్య జరిగిందని చెప్పాడు. ఎనిమిదో పేజీలో పెరడు తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. శీర్షిక కింద "ఇది నిజంగా జరిగిన సంఘటన" అని రాశావు. దగ్గూ గ్లాసూ తప్ప తక్కినదంతా "పాఠకుల కోసం" కలిపానని నీ ఉత్తరంలో నువ్వే ఒప్పుకున్నావు.

ఆ ఎముకలు ఎక్కడివో చెబుతాను. ప్లినీ అనే రోమన్ రచయిత సుమారు 1900 ఏళ్ల క్రితం సూరా అనే స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. దయ్యాలు ఉన్నాయని నమ్ముతావా అని అడిగి, తాను విన్న ఒక ఉదంతం చెప్పాడు. ఏథెన్స్‌లో ఒక ఇల్లు. రాత్రి సంకెళ్ల చప్పుడు. అందరూ భయపడి వదిలేసిన ఆ ఇంట్లో అథెనొడోరస్ అనే తత్వవేత్త అద్దెకు దిగాడు. రాత్రి రాసుకుంటూ ఉండగా ముసలివాడి రూపం ఒకటి వచ్చి వేలితో పిలిచింది. ఆయన చేత్తోనే కాస్త ఆగమని సైగ చేసి మళ్లీ రాతలో పడ్డాడు. చివరికి దాని వెంట వెళ్లి, అది మాయమైన చోట గుర్తు పెట్టి, తర్వాత తవ్విస్తే సంకెళ్లతో ఎముకలు దొరికాయి. వాటికి అంత్యక్రియలు చేశారు, చప్పుడు ఆగిపోయింది. నీ పెరట్లో నువ్వు తవ్వినవి ఆ ఎముకలే. ఇన్ని శతాబ్దాలుగా ప్రతి తరమూ వాటిని తవ్వి, తన ఇంటి పెరట్లో మళ్లీ పూడ్చుకుంటూ వస్తోంది. ఆ సంకెళ్లు, ఆ గుంత అన్నీ నేను మరిచిపోయినా, ఆగమని చూపిన ఆ చెయ్యి మాత్రం నాకు గుర్తుంటుంది. నీ గ్లాసు ఆ చేతి వంటిది.

నాకు బలంగా తెలిసిన సంగతి ఒకటే ఉంది. నిజంగా జరిగిన అనుభవానికి ముగింపు ఉండదు. దగ్గు వినిపిస్తుంది, ఆగిపోతుంది, తెల్లారుతుంది, మనం పనిలో పడతాం. ఎందుకు వినిపించిందో ఎవరూ వచ్చి చెప్పరు. ముగింపు కనిపించిన ప్రతి "నిజ సంఘటన"లోనూ ఎవరిదో ఒకరి చెయ్యి పడిందని నా అనుమానం. అది రాసినవాడి చెయ్యి కావచ్చు, అచ్చువేసినవాడిది కావచ్చు. చాలాసార్లు అది జ్ఞాపకానిదే అవుతుంది. ఆ మూడో చెయ్యి అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది మనకు తెలియకుండా పనిచేస్తుంది.

షాంఘైలో బ్రిటిష్ కాన్సులర్ న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన సర్ ఎడ్మండ్ హార్న్‌బీ సంగతి నీకు తెలియాలి. 1875లో ఒక రాత్రి తన పడకగదిలోకి ఒక పత్రికా సంపాదకుడు వచ్చి, మర్నాటి తీర్పు సారాంశం చెప్పమని పట్టుబట్టాడనీ, తాను చెబితే రాసుకుని వెళ్లాడనీ, పక్కనే ఉన్న భార్యకు ఆ సంగతి వెంటనే చెప్పాననీ ఆయన చెప్పాడు. సరిగ్గా ఆ వేళకే ఆ సంపాదకుడు తన ఇంట్లో చనిపోయాడని మర్నాడు తెలిసిందట. దయ్యాల వంటి అంతుబట్టని అనుభవాలను పరిశోధించడానికి లండన్‌లో 1882లో ఏర్పడిన సైకికల్ రీసెర్చ్ సొసైటీ వాళ్లు దీన్ని 1884లో ఎంతో నమ్మకంగా ప్రచురించారు. సాక్ష్యాలు తూచడమే వృత్తిగా బతికిన మనిషి మాట కదా! కానీ షాంఘై సంగతులు తెలిసిన మరొకాయన కాగితాలు తిరగేసి చూశాడు. ఆ సంపాదకుడు చనిపోయింది రాత్రి కాదు, ఉదయం ఎనిమిది దాటాక. ఇక పక్కనున్న భార్య మాట. ఆ రోజుకు న్యాయమూర్తిగారికి ఇంకా ఆ పెళ్లే కాలేదు, మూడు నెలల తర్వాత అయింది.

హార్న్‌బీ అబద్ధాలకోరని నేను అనుకోను. తాను చెప్పిన ప్రతి మాటా నిజమని ఆయన అప్పటికీ నమ్మాడు. తొమ్మిదేళ్లలో ఆయన జ్ఞాపకం గడియారాన్ని సరిచేసింది, సాక్షిని తెచ్చి పక్కన పెట్టింది, మొత్తానికి ఒక ముగింపు కుదిర్చింది.

నాకూ అదే జరిగింది కాబట్టి ఆయన మీద నాకు కోపం రాదు. నా ఇరవై ఆరో ఏట మా తమ్ముడు పోయాడు. తర్వాత కొన్నాళ్లకు ఒక రాత్రి నా కాళ్ల దగ్గర పరుపు కుంగింది, ఎవరో కూర్చున్నట్టు. దాన్ని ముప్ఫై ఏళ్లలో నాలుగుసార్లు రాశాను. నాలుగోసారి రాసినప్పుడు గదిలో పలచని నీలపు వెలుతురు ఉంది, తమ్ముడి చొక్కా వాసన ఉంది. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. తర్వాత ఇల్లు మారుతుంటే ఆ ఏటి డైరీ దొరికింది. ఆ తేదీన పెన్సిలుతో ఉన్నది ఇంతే: "పరుపు కుంగింది. ఎడమవైపు తిరిగి చూశాను. ఎవరూ లేరు. నిద్ర పట్టలేదు." వెలుతురు లేదు. వాసన లేదు. ఆ వెలుతురు ఉందని నేను ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. ఆ డైరీ పేజీ ముందు కూర్చుని, తమ్ముణ్ణి రెండోసారి పోగొట్టుకున్నట్టు ఏడ్చాను. వాడు నిజంగా వచ్చి ఉంటే, వచ్చినది చాలక నేను దానికి రంగులు పూశాను. రాకపోయి ఉంటే, ఆ రాత్రి నాకు మిగిలింది ఆ పరుపు కుంగడం ఒక్కటే, దాన్నీ చెరిపేసుకున్నాను.

అందుకే చెబుతున్నాను: జరిగిన రాత్రే రాయి. తారీఖు వెయ్యి, టైము వెయ్యి, ఏ దీపం వెలుగుతోందో, ఆ రోజు ఎన్ని గంటలు నిద్రపోయావో, ఏ మందు వేసుకున్నావో రాయి. "దయ్యం" అన్న మాట ఆ కాగితం మీద వద్దు. ఆ మాట పడగానే తక్కిన వివరాలన్నీ దాని కొలతకు కుదించుకుపోతాయి. కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాలలో ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదాన్ని విద్యార్థులచేత చదివించి, మళ్లీ మళ్లీ గుర్తు తెచ్చుకుని రాయించాడు. ఒక్కొక్కసారికీ తమకు తెలియని వస్తువు తెలిసిన వస్తువుగా మారిపోయింది. వాళ్ల తెరచాప లేని చిన్న దోనె మామూలు పడవ అయింది. కథలో అర్థం కానివి జారిపోయాయి. కొందరి రాతల్లోంచి దయ్యాలు కూడా మాయమయ్యాయి. వింతగా ఉన్నదాన్ని మనసు ముందు పారేస్తుంది. నువ్వు కాగితం మీద పట్టుకోవలసింది దాన్నే.

ఇక సంపాదకుల మాట. "ఇంకాస్త భయం కలపండి" అని అడగని సంపాదకుణ్ణి నేను ఇద్దర్నే చూశాను. ముప్ఫై అయిదేళ్ల క్రితం ఒక పెద్దావిడ తన అనుభవం నాకు చెప్పింది. భర్త పోయాక రెండేళ్లపాటు, సాయంత్రం ఆయన ఇంటికి వచ్చే వేళకు గేటు గడియ తీసిన చప్పుడు వినిపించేదట. ఆవిడ భయపడలేదు. ఆ చప్పుడు కోసం ఎదురుచూసేది. ఒకరోజు ఆగిపోయింది. "ఆ రోజు ఏడ్చానండీ" అంది. అంతే రాసి ఒక వారపత్రికకు పంపాను. ప్రత్యేక సంచికలో వేశారు. చివర ఒక పేరా కలిపారు: గడియ చప్పుడు ఆగిన వారానికే ఆవిడ కూడా భర్తను చేరుకుందని. ఆవిడ బతికే ఉంది. ఆ సంచిక ఆవిడే కొనుక్కుంది. నేను వెళ్లేసరికి ఆ పేజీ తెరిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎవరికీ ఆ సంగతి చెప్పలేదని వాళ్ల అమ్మాయి చెప్పింది. నేను ఆ పత్రికకు మళ్లీ ఒక్క అక్షరం పంపలేదు, ఈ రోజుకీ ఆ కోపం తగ్గలేదు. ఇప్పుడు ఫొటోల్లో మూల చీకటి చుట్టూ ఎర్ర గీత గీసి దయ్యమని చూపించేవాళ్లను చూసినా నాకు ఆవిడ ఒడే గుర్తొస్తుంది.

పాఠకులకు ఇంత చిన్న సంగతి ఆనుతుందా అని అడిగావు. వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి, 1971లో ఫలితాలు ప్రచురించాడు. పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, వాళ్ల గొంతు వినిపించడమో జరిగిందని దాదాపు సగం మంది చెప్పారు. చాలామందికి అది ఊరటే ఇచ్చింది. కానీ వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. నీ పాఠకులు వీళ్లే. కుక్కల ఏడుపు వీళ్లకు అక్కర్లేదు. తమ గ్లాసు మరొకరి చేతిలో కనిపిస్తే చాలు.

"అంతుబట్టనిది" అని తేల్చి రాయడానికి తొందరపడకు. విక్ టాండీ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఒక రాత్రి ప్రయోగశాలలో ఒంటరిగా పని చేసుకుంటుంటే చెమటలు పట్టాయి, కంటి కొసన బూడిదరంగు ఆకారం కదిలింది, తిరిగి చూస్తే లేదు. మర్నాడు కత్తిసాము పోటీ కోసం తన సన్నని కత్తిని బాగుచేసుకుందామని వైస్ అనే ఇనుప పట్టులో బిగిస్తే, ఎవరూ ముట్టకుండానే దాని కొస ఊగింది. వెతికితే కొత్తగా బిగించిన ఫ్యాను నుంచి సెకనుకు సుమారు 19 కంపనాల ధ్వని వస్తోందని తేలింది. అది చెవికి అందదు. ఫ్యాను ఆపితే ఆ కంపనం పోయింది. దీన్ని ఆయన 1998లో ప్రచురించాడు. అన్ని దయ్యాలకూ ఇదే జవాబని నేను అనను. ఆయన ఆ కత్తి సంగతి వదిలెయ్యలేదు, నాకు కావలసింది అది. అమెరికాలో విల్మర్ అనే కంటివైద్యుడు 1921లో ప్రచురించిన ఒక కుటుంబం కథలోనూ అంతే. రాత్రి అడుగుల చప్పుడు, మనుషుల రూపాలు, వాటితోపాటు తలనొప్పులు, ఇంట్లో వాడిపోతున్న మొక్కలు. ఆ ఇల్లాలు మొక్కల గురించి కూడా చెప్పింది. కారణం, ఇల్లు వెచ్చబరిచే పాడైన పొయ్యి నుంచి వస్తున్న కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. "మొక్కలకూ దయ్యానికీ ఏమిటి సంబంధం" అని కొట్టేసే సంపాదకుడి చేతిలో పడితే ఆ కుటుంబం ప్రాణాలు పోయేవి. కాబట్టి నువ్వు ఇతరుల అనుభవాలు సేకరించడం మొదలుపెడితే, తలనొప్పి మాట వినగానే పెన్ను పక్కన పెట్టి, ముందు ఆ ఇంట్లో గాలి సంగతి చూడమని చెప్పు.

వాళ్లను "దయ్యాన్ని చూశారా" అని ఎప్పుడూ అడక్కు. "ఆ రాత్రి ఏం జరిగింది" అని అడుగు. ఇద్దరు సాక్షులుంటే విడివిడిగా అడుగు. ఆ రాత్రి మీ అమ్మగారు పక్క గదిలోనే ఉన్నారని రాశావు. ఆవిడ ఏం విన్నారో అడిగావా? నీ రచన ఇంకా చూపించి ఉండకపోతే చూపించవద్దు, ముందు అడుగు. ఏమీ వినలేదంటే అది కూడా రాయి.

మూడో పేజీ నుంచి చివరిదాకా తీసెయ్యి. "నిజంగా జరిగిన" అన్న మాటా తీసెయ్యి. మిగిలిన రెండు పేజీల్లో ఒక సంగతి తక్కువైంది, మూడు రోజులుగా అదే నన్ను వేధిస్తోంది. గుమ్మం దగ్గర నీకు గుర్తొచ్చింది, సరే. చేతిలో నిండు గ్లాసు ఉంది. ఆ నీళ్లు ఏం చేశావు? తాగావా, పారబోశావా, ఆయన మంచం పక్కన పెట్టి వచ్చావా? గుర్తుంటే ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యంలో రాసి పంపు. గుర్తులేకపోతే గుర్తులేదని రాసి పంపు.

ఎదురుచూస్తుంటాను.