తీపి ఖర్జూరానికే పురుగా?

ప్రశ్న: కొబ్బరి తోట పక్కనే అరెకరంలో టిష్యూ కల్చర్ బర్హీ ఖర్జూరం వేశాం. ఇది నాలుగో ఏడు. రెండు చెట్లకు మొవ్వులో కన్నాలు పడ్డాయి. తీపి కాయ కాబట్టే పురుగొస్తోంది, వగరు రకం వేసుకోవాల్సింది అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, కవిటి మండలం

జవాబు: మొవ్వు తొలిచే పురుగుకు కాయ రుచితో పనిలేదు. విచ్చుకున్న మట్టల్లో ఆకులు కత్తెరేసినట్టు తెగి ఉంటే అది మీ కొబ్బరికి వచ్చే కొమ్ము పురుగే. అది పుట్టేది గత్తం కుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. ముందు వాటిని తిరగేసి తెల్లటి లద్దె పురుగుల్ని ఏరేయండి. కన్నంలోని పురుగును కొక్కెం కమ్మితో లాగి, పై మూడు మట్టల మొదళ్లలో ఒక్కో కలరా ఉండ పెట్టి ఇసుకతో కప్పండి. 45 రోజులకోసారి మళ్లీ పెట్టాలి.

అసలు భయం దాని వెనకాల వచ్చే ఎర్ర ముక్కు పురుగుతో. గాయం దొరికితే చాలు, గుడ్లు పెట్టేస్తుంది. కాపుకు రాని మొక్కనూ వదలదు, కల్లు గీసిన ఈత చెట్టునూ వదలదు. అందుకే పచ్చి మట్ట కొట్టాల్సివస్తే మొదట్లో మీటరు వదిలి కొట్టండి. పిలకలు తీసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. కాండం నుంచి గోధుమరంగు జిగురు, నమిలిన పీచు వస్తున్నాయంటే పురుగు లోపలుంది. మొవ్వు వాలిపోయాక ఆ చెట్టు దక్కదు.

వగరు మాట గెల దగ్గర మాత్రం కొంత నిజం. చాలా రకాలు పసుపు తిరిగినా వగరుగానే ఉంటాయి, పిట్టలు అంతగా ముట్టవు. బర్హీలో వగరు తక్కువ. మనం పచ్చిగా కొరుక్కు తినేదీ అందుకే, పిట్టలు ఎగబడేదీ అందుకే. అదే కాయ మెత్తబడి, వాన తగిలి తోలు చిట్లితే పులిసిన వాసనకు చిన్న నల్ల పెంకు పురుగులు చేరి లోపల గుడ్లు పెడతాయి. జాహిదీ లాంటి గట్టి కండ రకాలకు ఈ బెడద తక్కువే. కానీ అవి చెట్టు మీద ఆరాలంటే పొడి వేడిగాలి కావాలి. జూన్ నడిమికే వానలు దిగే మన తీరంలో ఆ గుణం అక్కరకు రాదు. బర్హీ మార్చకండి, పసుపు తిరగ్గానే గెల కోసేయండి. ఒక్కో గెలకు 8 మట్టలైనా ఉండేలా మిగతా గెలలు పూతలోనే తీసేయండి. గెల కిక్కిరిస్తే నడుమ తడి ఆరక కుళ్లుతుంది. సంచి కడితే అడుగు తెరిచి, వలగుడ్డ చుట్టండి. మూసి కడితే లోపల చెమ్మపట్టి అదే బూజుకు మూలం. రాలిన కాయ ఏ రోజుది ఆ రోజే ఏరి పాతేయాలి.

ప్రశ్న: కొని డబ్బాలో పోసుకున్న ఎండు ఖర్జూరంలో పురుగు. చెట్టు మీదే పట్టిందా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ఎక్కువగా గోదాములో పడుతుంది. నిల్వ పురుగులకు ఎండు కాయ చాలు. కొన్న వెంటనే గాలి చొరని సంచిలో డీప్ ఫ్రీజర్‌లో మూడు నాలుగు రోజులుంచితే గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, కాయకు చెమ్మ పడుతుంది.