నార్వే జానపద వయొలిన్‌లో వెనక మోగే ఆ శ్రుతి ఎక్కడిది?

వాయించేది ఒక్కరే అయినా వెనక ఇంకెవరో శ్రుతి పట్టినట్టు ఎందుకుంటుందని అడిగారు. మీరు విన్నది బహుశా హార్డాంగర్ ఫిడిల్. నార్వే పశ్చిమాన ఉన్న హార్డాంగర్ ప్రాంతం పేరే దానికి వచ్చింది.

విల్లుతో వాయించే నాలుగు తీగల కింద మరో నాలుగైదు సన్న తీగలుంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు. పై తీగ పలికితే సితార్ తరఫ్ తీగల్లా అవే మోగుతాయి. తీగలను ఎత్తి పట్టే చెక్క ముక్క, అంటే బ్రిడ్జి, వంపు కూడా తక్కువ కాబట్టి విల్లు ఒకేసారి రెండు తీగల మీద హాయిగా నడుస్తుంది. తీగలు సవరించే పద్ధతులే 20కి పైగా ఉన్నాయి.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మాత్రం లయ. ఇది ప్రధానంగా నాట్యానికి పుట్టిన సంగీతం. టెలిమార్క్ ప్రాంతపు 'స్ప్రింగార్' నాట్యంలో మూడు దెబ్బలూ సమానంగా ఉండవు: మొదటిది పొడుగు, రెండోది మధ్యస్థం, మూడోది పొట్టి. కళాకారుడు కాలితో నేలను తడుతూ దాన్ని నిలబెడతాడు. ఆ కాలి చప్పుడును పట్టుకుని వినండి, తికమక పోతుంది.

19వ శతాబ్దంలో మత ఉద్యమాల ప్రభావంతో దీన్ని సైతాను వాద్యమన్నారు, కొన్ని ఫిడిళ్లను తగలబెట్టారు కూడా. ఆ శతాబ్దంలోనే, 1849లో, వయొలిన్ విద్వాంసుడు ఊలే బుల్ టెలిమార్క్ పల్లె కళాకారుడు మిల్లార్‌గుటెన్‌ను రాజధాని కచేరీ వేదిక ఎక్కించాడు.

అన్నట్టు, నార్వేలోనే గుడ్‌బ్రాండ్స్‌డాల్, రోరోస్ ప్రాంతాల వైపు జానపదాలు మామూలు వయొలిన్ మీదే వాయిస్తారు.