ఠాణాకు ఫోన్ చేసే ముందు: కొత్త ఎమ్మెల్యేకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పోలీసుల జవాబుదారీతనం, జైళ్లు, పౌరహక్కుల మీద నీ వైఖరి ఏమిటని విలేకరులు అడుగుతున్నారనీ, ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశావు. మైకు ముందు ఏం చెప్పినా చెల్లుతుంది. ఎమ్మెల్యే వైఖరి ఏమిటో మాత్రం సభలో ఏం అడిగింది, ఏ సిఫార్సు లేఖ రాయనంది అన్న దాన్నిబట్టే తేలుతుంది. పోలీసు శాఖా జైళ్లూ రాష్ట్ర జాబితాలోవి. కాబట్టి ఈ విషయంలో ఢిల్లీ ఎంపీకన్నా నీ కుర్చీకే పని ఎక్కువ.

మొదట సిఫార్సు లేఖల సంగతి. నువ్వు గెలిచిన వారంలోనే ఎస్సైలు, సీఐలు శాలువాలతో వస్తారు, ఫలానా స్టేషన్‌కు లేఖ ఇమ్మంటారు. ఇవ్వకు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలి. డీఎస్పీ, ఆ కిందివారి బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలి. అందులో ఎమ్మెల్యే లేఖకు చోటు లేదు. నీ లేఖతో వచ్చిన ఎస్సై లాకప్‌లో ఎవరినైనా కొడితే నువ్వు సభలో లేచి అడగలేవు. అడిగినా ఆ లేఖ జిరాక్సు మర్నాడే పేపర్లోకి వస్తుంది.

ఇక రాత్రి పదింటికి ఎవరో తల్లి వాకిట్లోకి వచ్చి, కొడుకును పట్టుకుపోయారని ఏడుస్తుంది. మన దగ్గర ఆనవాయితీగా ఎమ్మెల్యే ఫోన్ తీసి "వాణ్ణి వదిలెయ్" అంటాడు. అలా చెయ్యకు. ఎస్‌హెచ్‌వోకు మెసేజ్ రాసి పెట్టు, డీఎస్పీకి కూడా అదే పంపు. ఏ సమయానికి అరెస్టు చేశారు? కారణాలు అతనికి చెప్పారా? బంధువుల్లో ఎవరికి తెలియజేశారు? మేజిస్ట్రేట్ ముందుకు ఎప్పుడు తీసుకెళ్తున్నారు? ఇంతే. కారణాలు చెప్పడానికి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 47వ సెక్షన్ ఆధారం, బంధువులకు చెప్పడానికి 48, ఇరవైనాలుగు గంటల గడువుకు 58. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే ఇంకో మాట కలుపు: 35(3) కింద నోటీసు ఇవ్వకుండా అరెస్టు ఎందుకు చేశారో రాతపూర్వకంగా నమోదు చేశారా అని. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు అర్ణేశ్ కుమార్ తీర్పు 2014లోనే గట్టిగా చెప్పింది. మూడేళ్లలోపు శిక్ష ఉన్న కేసులో అరవై దాటినవాణ్ణో, జబ్బు మనిషినో డీఎస్పీ అనుమతి లేకుండా పట్టుకోకూడదు, అది 35(7). తల్లిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. ఎదుటి పార్టీ కార్యకర్తను పట్టుకున్నా అక్షరం మార్చకుండా ఇదే మెసేజ్ పంపాలి. ఒకసారి పంపి చూడు, నీ వాళ్లే నీ మీద అలుగుతారు.

సభలో ప్రశ్న వేసే పద్ధతి ఇప్పుడు చెప్తా. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "రాష్ట్రంలో పోలీసు వేధింపులు పెరిగిన మాట వాస్తవమేనా?" అని వేస్తారు. "కాదండి" అని ఒక జవాబు, "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రెండో జవాబు. పని అయిపోయింది. అవునో కాదో చెప్పి తప్పించుకునే వీలున్న ప్రశ్న వేయనే వద్దు. అంకె, తేదీ, స్థలం అడుగు. నమూనా రాసి పెడుతున్నాను, సంవత్సరం మార్చుకుని వాడుకో:

"(అ) డిసెంబర్ 31 నాటికి రాష్ట్రంలోని ఒక్కో కేంద్ర కారాగారం, జిల్లా జైలు, సబ్ జైలులో ఉన్న విచారణ ఖైదీలు ఎందరు? (ఆ) వారిలో బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం మూడో వంతు కాలం, సగం కాలం పూర్తి చేసినవారు ఎందరు? (ఇ) వారి విడుదలకు సూపరింటెండెంట్లు కోర్టులకు పంపిన దరఖాస్తులు ఎన్ని, వాటిలో అనుమతించినవి ఎన్ని? (ఈ) బెయిల్ మంజూరై ఏడు రోజులు దాటినా జామీను లేక లోపలే ఉన్నవారు ఎందరు?"

ముందు దీన్ని నక్షత్రం గుర్తు లేని ప్రశ్నగా వెయ్యి, పట్టికలు రాతపూర్వకంగా వస్తాయి. వాటిని చదివి, తేడా కొట్టే జైలును పట్టుకుని తర్వాతి సమావేశాల్లో నక్షత్రం గుర్తు ప్రశ్న (మంత్రి సభలోనే లేచి జవాబు చెప్పాల్సింది) వేస్తే అనుబంధ ప్రశ్నలు నీ చేతిలో ఉంటాయి. "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి అంటే నిరాశపడకు. తర్వాత అందజేస్తామని సభలో అన్న మాట హామీ కిందికి వస్తుంది. తేదీ రాసుకుని ప్రభుత్వ హామీల కమిటీకి లేఖ పెట్టు.

(ఆ), (ఇ)ల మధ్య తేడా ఎందుకు వస్తుందో తెలిస్తేనే అనుబంధ ప్రశ్న పదునుగా ఉంటుంది. ఇంతకుముందు శిక్షపడని ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే, మిగతావాళ్లు సగం గడిపితే బెయిల్‌కు అర్హులు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే ఏడాది. ఇంట్లో దొంగతనానికి ఏడేళ్లు, అంటే రెండేళ్ల నాలుగు నెలలు. దరఖాస్తు వెయ్యాల్సిన బాధ్యత చట్టం సూపరింటెండెంట్ మీదే పెట్టింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు నమోదైన కేసుల్లోని మొదటిసారి ముద్దాయిలకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్పష్టం చేసింది. అయినా ఆగిపోవడానికి కారణాలున్నాయి. పాత శిక్ష ఉందో లేదో పోలీసులు తేల్చి చెప్పరు, ఫైలు కదలదు. రెండోది ఇంకా చిక్కు: ఒకటికి మించి నేరాల్లోగానీ కేసుల్లోగానీ విచారణ పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ వర్తించదని 479(2) చెప్తోంది. సెల్‌ఫోన్ దొంగ అని పట్టుకున్న కుర్రాడి మీద స్టేషన్లో మిగిలిపోయిన పాత కేసులు రెండు తగిలిస్తే చాలు, హక్కు పోయినట్టే. అందుకని "ఒకటికి మించి కేసులున్న కారణంగా అనర్హులైనవారు ఎందరు?" అన్న ప్రశ్న జేబులో పెట్టుకో. దేశం మొత్తం లెక్క కావాలంటే 2022 చివరికి 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

జామీను లేక ఆగిపోయినవాళ్లకు డబ్బుంది. పేద ఖైదీల సహాయానికి కేంద్రం 2023లో ఒక పథకం పెట్టింది. మొదలుపెట్టినప్పటి నియమాల ప్రకారం విచారణ ఖైదీకి రూ.40,000 వరకు, జరిమానా కట్టలేని శిక్షపడ్డ ఖైదీకి రూ.25,000 వరకు ఇవ్వొచ్చన్నారు, ఇప్పటి పరిమితి ఎంతో కనుక్కో. మాదకద్రవ్యాలు, ఉపా (ఉగ్రవాద కేసుల చట్టం), మనీలాండరింగ్ కేసులకు లేదు. జిల్లాలో కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్, ఒక జడ్జి ఉన్న కమిటీ దీన్ని నిర్ణయిస్తుంది. ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో కలెక్టరుకు లేఖ రాసి అడుగు. కూర్చోలేదన్న జవాబు వచ్చినా అది కాగితం మీద ఉండటమే నీకు పని.

జైలుకు వెళ్లు. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం సందర్శకుల బోర్డులో ముగ్గురు ఎమ్మెల్యేలుంటారు, వారిలో ఒకరు మహిళ కావాలి. మీ జిల్లాలో బోర్డు వేశారా, ఎవరున్నారు అన్నది ముందు తేల్చుకో. ఫొటోగ్రాఫర్‌ను వెంట తీసుకుపోకు. వంటగదిలో రుచి చూసి "బాగుంది" అనడం సందర్శన కాదు. ఆ రోజు బాగానే ఉంటుంది. బెయిల్ వచ్చినా విడుదల కానివారి జాబితా అడుగు. ఇద్దరు ముగ్గురు ఖైదీల హిస్టరీ టికెట్లు, అంటే జైల్లో ఒక్కొక్కరి పేరున ఉండే రికార్డులు తీయించి, కోర్టు వాయిదా తేదీలూ ఆస్పత్రి తేదీలూ చూడు. ఎస్కార్ట్ పోలీసులు లేక వాయిదాకు తీసుకెళ్లని రోజులు అక్కడే బయటపడతాయి. మహిళల బ్యారక్‌లో తల్లులతో ఉన్న పిల్లలెందరో, వాళ్లకు పాలూ అంగన్‌వాడీ ఉన్నాయో లేదో చూడు. ఆరేళ్ల వరకు పిల్లల్ని తల్లితో ఉంచే విషయంలో సుప్రీంకోర్టు 2006లో మార్గదర్శకాలు ఇచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసులోనే, ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసు అది. ఖైదీతో మాట్లాడేటప్పుడు వార్డరు చెవికి అందనంత దూరంలో నిలబడు. సందర్శకుల పుస్తకంలో "పరిశుభ్రంగా ఉంది" అని రాసి సంతకం పెట్టావో, ఏడాది తర్వాత అదే వాక్యం నీకే అడ్డం తిరుగుతుంది. తలల లెక్క, జైలు సామర్థ్యం, పనిచేయని మరుగుదొడ్ల సంఖ్య రాసి తేదీ వెయ్యి.

పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) దగ్గర కాస్త ఆగాలి, తెలంగాణ ఎమ్మెల్యేకు అసలు పరీక్ష అక్కడే. 1986 నాటి చట్టం. కోర్టు శిక్ష వెయ్యకుండానే ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. కమిషనరో కలెక్టరో ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వం పన్నెండు రోజుల్లో ఆమోదించాలి, మూడు వారాల్లో సలహా మండలి ముందుంచాలి, మండలి ఏడు వారాల్లో నివేదిక ఇవ్వాలి. ప్రజా జీవనమే అతలాకుతలమయ్యే పరిస్థితికి పెట్టిన చట్టాన్ని, బెయిల్ వచ్చిన గొలుసు దొంగ బయటికి రాకుండా వాడుతున్నారు. మామూలు శాంతిభద్రతల సమస్య వేరు, ప్రజా వ్యవస్థ దెబ్బతినడం వేరు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 2023 సెప్టెంబర్‌లో అమీనా బేగం కేసులో తెలంగాణ పోకడనే తప్పుపట్టింది, 2024లో నేనావత్ బుజ్జి కేసులో మళ్లీ చెప్పింది. ఈ రెండు తీర్పులూ పూర్తిగా చదువు. సభలో "ఈ చట్టం రద్దు చేస్తారా?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "గత మూడేళ్లలో జారీ చేసిన ఉత్తర్వులెన్ని, సలహా మండలి కొట్టేసినవెన్ని, హైకోర్టు కొట్టేసినవెన్ని, అప్పటికే బెయిల్ వచ్చినవారి మీద జారీ చేసినవెన్ని?" అని అడిగితే అంకెలు వస్తాయి. మండలి ముందు నిర్బంధితుడి తరఫున లాయరు వాదించడం అతని హక్కు కాదు. కాగితాలు తెలిసిన భాషలో ఇచ్చారా అన్నది చాలా కేసుల్లో ప్రాణం. ఉత్తర్వు ఇంగ్లీషులో ఇచ్చి వేలిముద్ర తీసుకున్నారని ఎవరైనా వస్తే ఆ ప్రతి జాగ్రత్త చేయించు.

కెమెరాల సంగతి తేలికే. 2020లో సుప్రీంకోర్టు పరంవీర్ సింగ్ సైనీ తీర్పు లాకప్‌లు, కారిడార్లు, గేట్లు, ఇన్‌స్పెక్టర్ గది, స్టేషన్ వెనక భాగం, అన్నిచోట్లా దృశ్యంతో పాటు శబ్దం కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు ఉండాలంది. రికార్డు పద్దెనిమిది నెలలు, కనీసం ఏడాది ఉంచాలంది. కెమెరాలున్నాయా అని అడగకు, ఉన్నాయంటారు. ఒక్కో స్టేషన్లో పనిచేయని రోజులు ఎన్ని, ఏవేవి అని అడుగు. కస్టడీ మరణం జరిగిన రోజే రిపేరులో ఉన్న కెమెరాల లెక్క దాంట్లోంచి నీకే తేలుతుంది.

ఫోన్ ట్యాపింగ్ మీద మాట్లాడాలని ఉందన్నావు. 2024 మార్చిలో పంజాగుట్టలో నమోదైన కేసు కోర్టులో ఉంది కాబట్టి దాని మీద వేసిన ప్రశ్న స్పీకర్ కార్యాలయం దాటదు. దాన్ని వదిలి వ్యవస్థను పట్టుకో. ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి అనుమతి ఉండాలి. ఉత్తర్వు అరవై రోజులకు, పొడిగించినా మొత్తం నూటఎనభై రోజులకు మించకూడదు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన సమీక్ష కమిటీ రెండు నెలలకోసారి కూర్చోవాలి. ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని ఉత్తర్వులు తప్పని తేల్చింది? ఎవరి పేరూ అడగడం లేదు కాబట్టి కోర్టు విచారణ అడ్డు రాదు. ప్రభుత్వం ఎవరిదైనా ఏటా ఇదే ప్రశ్న.

ఎన్‌కౌంటర్ జరిగిన పూట ఏం మాట్లాడాలో ముందే రాసిపెట్టుకో, ఆ పూట ఆలోచించే తీరిక ఉండదు. 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడు చటాన్‌పల్లిలో పోలీసుల మీద పూలు చల్లారు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చినప్పుడు కావాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను విచారించాలని తేలింది. పూలు చల్లిన రోజు ట్వీట్లు పెట్టిన నాయకులకు అప్పుడు నోరు పెగల్లేదు. రెండు వాక్యాలు చాలు: "బాధిత కుటుంబానికి అండగా ఉంటాను. ఎన్‌కౌంటర్ల మీద సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన పీయూసీఎల్ తీర్పు ప్రకారం ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి." ఆ రోజు నిన్ను తిడతారు, తిట్టనీ.

దొంగలకు కొమ్ముకాస్తోందన్న మాట తప్పదు. దానికి జవాబు వాదనతో రాదు. బాధితుల తరఫున కూడా అంతే గట్టిగా అడుగు. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇస్తున్నారా, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో చెప్తున్నారా, ఫోరెన్సిక్ ల్యాబులో ఆర్నెల్లు దాటిన శాంపిళ్లు ఎన్ని, బాధితుల పరిహారం మంజూరై చేతికందనివి ఎన్ని. మీ నియోజకవర్గంలోని స్టేషన్ల పేర్లు ప్రశ్నలోనే రాయి, స్థానిక పేపర్లు ఆ పట్టికను ఉన్నదున్నట్టు వేస్తాయి.

విప్ గురించి భయపడ్డావు. రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద ప్రమాదం ఓటు దగ్గర, గైర్హాజరు దగ్గర, పార్టీ వదలడం దగ్గర. ప్రశ్న వేసినందుకు సభ్యత్వం పోదు, మంత్రి పదవి వచ్చే అవకాశం పోతే పోవచ్చు.

ఒక జూనియర్ లాయర్ని జీతమిచ్చి పెట్టుకో, ఊరికే వచ్చేవాడు వద్దు. సమావేశాల తేదీలు ప్రకటించగానే బులెటిన్‌లో ప్రశ్నల గడువు చూసి, నోటీసులు ఆఖరి రోజుకు వదలకుండా ఇప్పించు. మొదటి నోటీసు ముసాయిదా నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

ఉంటాను,
పెదనాన్న