మా అమ్మాయి పెట్ ఐసీయూ డాక్టర్ అవుతానంటోంది

ప్రశ్న: మాది హన్మకొండ. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. రెండు నెలల కింద మా కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. రాత్రి ఏ డాక్టరూ దొరకలేదు, తెల్లారేసరికి పోయింది. అప్పట్నుంచి పెట్ ఎమర్జెన్సీ డాక్టర్ అవుతానంటోంది. గొడ్ల డాక్టరంటే రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి? దీనికన్నా బీడీఎస్ నయమా?

జవాబు: ముందు ఆ ‘గొడ్ల డాక్టర్’ మాట గురించి. మీరు దాన్ని రాసిన తీరు నాకు నచ్చలేదు. నర్సంపేట దిక్కు పాడిబర్రె ఈనలేక పడిపోతే ఆ ఇల్లంతా ఎదురుచూసేది ఆ డాక్టర్ కోసమే. మీ కుక్కపిల్ల పోయిన రాత్రి మీరు వెతికిందీ అతన్నే కదా! పదిహేడేళ్ల పిల్ల చదువు గురించి మాట్లాడుతుంటే సంబంధాల ఊసెందుకు? ఆ మాట ఆమె చెవిన పడిందేమోనని నా బాధ.

అయితే ‘పెట్ ఐసీయూ’ మోజు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అయిదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. కుక్కలు, పిల్లులే కాదు, ఆవులు, బర్రెలు, గొర్రెలు, కోళ్లు అన్నీ చదవాలి. ఆ తర్వాత మనవాళ్లు ఎక్కువగా మెడిసిన్‌లోనో సర్జరీలోనో రెండేళ్ల ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేసి, పెద్ద ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ ఎమర్జెన్సీ నేర్చుకుంటారు. అమెరికాలో దీనికి ప్రత్యేకంగా మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ ఉంది. దాన్ని చూపించి ఇప్పుడే డబ్బు కట్టమనే ఏజెంట్ల దగ్గరికి పోకండి.

పని కూడా ఫోన్లో వీడియోల్లో చూసినట్టు ఉండదు. పార్వో పేగుల లోపలి పొరను తినేస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, రాత్రంతా గంటగంటకూ చూసుకోవాలి. పోతుపిల్లికి మూత్రం బిగిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, అక్కడ ఆలస్యం పనికిరాదు. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. రోజుకు ఇంత ఖర్చవుతుందని చెప్పగానే యజమాని కళ్లనీళ్లతో ‘మావల్ల కాదు డాక్టర్’ అంటాడు. మనుషులకున్నట్టు ఆరోగ్యశ్రీ ఉండదు. బతికే అవకాశమున్న ప్రాణాన్ని సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చాల్సిన రోజులూ వస్తాయి.

ఆమె కుక్కపిల్ల కోసం ఇంకా ఏడుస్తుంటే, ఈ పనికి తగదనుకోకండి. ఏడ్చినవాళ్లు చాలామంది మంచి డాక్టర్లయ్యారు. ఆ దుఃఖంలో తీసుకున్న నిర్ణయమని కొట్టిపారేయకండి, అట్లాగని వెంటనే ఒప్పుకోనూ వద్దు. కొన్నాళ్లు ఆగి చూడండి.

బీడీఎస్‌తో పోలిక అడిగారు. అది అయిదేళ్లు, మంచి చదువే. కానీ పళ్ల వైద్యం మీద మనసులేని పిల్లను అందులో కూర్చోబెట్టి లాభం లేదు. బీవీఎస్సీ చేస్తే ఐసీయూ కుదరకపోయినా పశుసంవర్ధక శాఖ, డెయిరీ, పౌల్ట్రీ, సొంత క్లినిక్ ఉన్నాయి. ఆ టెన్షన్ వదిలేయండి.

మామునూరు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. అనుమతి అడిగి ఒక పొద్దున అక్కడి ఓపీకి తీసుకెళ్లండి. బర్రెకు చెయ్యి పెట్టి పరీక్ష చేయడం, గొర్రెను పట్టుకోవడం, పేడ వాసన అన్నీ చూడనివ్వండి. మీరు బయట బండి మీద కూర్చోకుండా ఆమెతోపాటు లోపలికి వెళ్లండి.