గ్రీస్ తవ్వకాల్లో దొరికే కుండపెంకులు, మట్టిబొమ్మల ముక్కలు కేటలాగ్ చేసేటప్పుడు ముందు ఏం చూడాలి?

మీరు వచ్చే సీజన్‌కి గ్రీస్‌లో పాటరీ షెడ్ (దొరికిన పెంకులు కడిగి, వేరుచేసి, నమోదు చేసే చోటు) పనికి వెళ్తున్నానన్నారు, ప్రతి పెంకుకీ నంబరు వేస్తారా, పాత్ర పేరు తెలియకపోతే ఎంట్రీ ఎలా రాయాలి అని అడిగారు. నేను గ్రీస్ దక్షిణాన ఉన్న పెలొపొన్నీస్‌లో ఒక తవ్వకంలో కొన్ని సీజన్లు ఇదే పని చేశాను, అక్కడ చూసింది చెప్తాను.

ప్రతి పెంకుకీ నంబరు వెయ్యరండి, వెయ్యడం కుదరదు కూడా, అంత సరుకు వస్తుంది. ముందు సంచీని సంచీగానే చూస్తారు. ఏ ట్రెంచ్ (తవ్విన గొయ్యి), ఏ పొర, ఏ రోజు తీశారు అని రాసిన చీటీతో సహా టేబుల్ మీద పరిచి, నల్లపూత సన్న పాత్రలు ఒక పక్క, వంటకుండలు ఒక పక్క, ఆంఫొరాలు (నూనె, వైన్ నింపే రెండు పిడుల జాడీలు), ఇంటికప్పు పెంకులు ఇంకో పక్క వేరుచేసి, లెక్కపెట్టి తూకం వేసి రాసుకుంటారు. అందులోంచి ఏరిన వాటికే విడి నంబరు. ఏథెన్స్ అగోరాలో (పాత నగరపు సంత మైదానం) అమెరికన్ స్కూల్ అనే పురావస్తు సంస్థ వాళ్లు 1931 నుంచి తవ్వుతున్నారు కదా, వాళ్ల పద్ధతిలో కుండలకి పీ, దీపాలకి ఎల్, మట్టిబొమ్మలకి టీ, ముద్ర ఉన్న ఆంఫొరా పిడులకి ఎస్ఎస్ అని అక్షరం, పక్కన వరస నంబరు.

కొత్తవాళ్లందరి చూపూ బొమ్మలున్న పెంకుల మీదే ఉంటుంది, దయచేసి మీరు అక్కడ ఆగిపోవద్దు. ఒక సంచీలో క్రీ.పూ. 6వ శతాబ్దపు బ్లాక్ ఫిగర్ (ఎర్ర మట్టి మీద నల్ల బొమ్మలు) ముక్కలు చాలా ఉండి, వాటి మధ్య అచ్చులో తీసిన హెలెనిస్టిక్ (అలెగ్జాండర్ తర్వాతి కాలపు) గిన్నె అంచు ఒక్కటి, చిటికెన వేలి గోరంత ఉన్నా సరే, ఆ మట్టి అక్కడ పడింది క్రీ.పూ. 3వ శతాబ్దం చివరికి ముందు కాదు అని తేలిపోతుంది, ఎందుకంటే ఆ గిన్నెలు అప్పుడే మొదలయ్యాయి. పొర తేదీ చెప్పేది అందులోని అన్నిటికంటే కొత్త ముక్క. అందుకే నేను చీటీ విషయంలో చాలా పట్టుగా ఉంటాను, కడిగేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు, ఫొటోకి తీసుకెళ్లేటప్పుడు చీటీ ముక్కల వెంటే ఉండాలి. అలాగే మామూలు నల్ల పాత్ర అడుగు ముక్క అయినా తిప్పి ఏటవాలు వెలుతురులో చూడండి, గీసిన అక్షరాలు ఉండొచ్చు. ఏథెన్స్ జనం నగరం నుంచి వెలివెయ్యాల్సిన వాళ్ల పేర్లు గీసింది ఇలాంటి పెంకుల మీదే, కెరామైకోస్ అనే ఏథెన్స్ పాత శ్మశానంలో అవి 8,000 పైన దొరికాయి, ఆ కాలపు పెద్ద నాయకుడు థెమిస్టోక్లీస్ పేరు కూడా ఉంది.

ఎంట్రీకి పేరు తెలియకపోయినా పర్వాలేదు. కంటికి కనిపించింది ముందు, మీ అభిప్రాయం తర్వాత. అంచా, మెడా, పొట్టా, అడుగా, పిడా, ఎంత పొడవు, గోడ ఎంత మందం, అంచు అయితే డయామీటర్ చార్ట్ (ఒకే కేంద్రంతో వలయాలు గీసిన కాగితం) మీద పెట్టి వ్యాసం (మరీ చిన్న ముక్కైతే ఆ కొలతని నమ్మొద్దు, అంచనా అని రాయండి). తర్వాత కొత్తగా విరిగిన చోట మట్టి రంగు, మన్‌సెల్ చార్ట్‌తో (రంగులకి నంబర్లిచ్చిన పట్టిక), పగటి వెలుతురులోనే. ఆటిక్ (ఏథెన్స్ ప్రాంతపు) మట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి నారింజ ఎరుపుగా ఉంటుంది, కొరింత్‌ది పాలిపోయిన పసుపు, కొన్నాళ్లు చేత్తో పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఇసుక రవ్వలు, మైకా, లోపలివైపు సారె గీతలు, పూత మెరుపు, ఇవన్నీ రాశాక కడపట "బహుశా స్కైఫోస్" (రెండు పిడుల లోతైన తాగే కప్పు) అనండి చాలు.

మట్టిబొమ్మల సంగతి వేరు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. మనకి వినాయక చవితికి అచ్చులో తీసే ప్రతిమల్లాగే వాటిల్లో చాలావాటికి ముందువైపే అచ్చు, వెనకవైపు చేత్తో ఒత్తిన మట్టి, కొన్నిటికి కాల్చేటప్పుడు ఆవిరి పోవడానికి బొక్క కూడా ఉంటుంది. అందుకని వెనక ముక్క చూసి ఏమీ లేదని పక్కన పెట్టకండి, వేలిముద్రలు అక్కడే కనిపిస్తాయి. తయారైన బొమ్మ మీంచి మళ్లీ అచ్చు తీసేవాళ్లు, మట్టి ఆరి కాలేసరికి కుంచించుకుపోతుంది కదా, ప్రతి తరానికీ బొమ్మ చిన్నదై ముక్కూ కళ్లూ మసకబారతాయి, కాబట్టి తల ఒక్కటే దొరికినా గడ్డం నుంచి నుదుటి దాకా కొలిచి రాస్తే ఏది ముందు ఏది తర్వాత అని పోల్చుకోవచ్చు. కొరింత్ నగరం దగ్గరి అక్రొకొరింత్ కొండవాలున ఉన్న పంటల దేవత డిమీటర్ గుడిలో భక్తులు పెట్టిన బొమ్మలు, చిట్టి పాత్రలు వేలల్లో దొరికాయి, అలాంటి చోట ఈ కొలతలే దారి చూపిస్తాయి.

ఇంకోటి, బొమ్మల మీద తెల్ల పూత, దాని మీద రంగులు కాల్చాక వేసినవి, బ్రష్ తగిలితే పోతాయి. కుండల నల్ల పూత బట్టీలో కాలింది కాబట్టి నీళ్లకి తట్టుకుంటుంది. రంగు జాడ ఏమాత్రం కనిపించినా కడగకుండా కన్సర్వేటర్‌కి (వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణులకి) ఇవ్వండి.

నంబరు నేరుగా పెంకు మీద రాయరు, పారలాయిడ్ బీ-72 అనే పారదర్శక రెసిన్ పలచగా పూసి ఆరాక ఇండియన్ ఇంకుతో రాసి పైన ఇంకో పూత వేస్తారు, కావాలంటే అసిటోన్‌తో తీసెయ్యొచ్చు. బొమ్మలున్న వైపు, విరిగిన అంచు మీద మాత్రం రాయకండి, రేపు అతికేది ఆ అంచే.

ఫొటోల గురించి కూడా ముందే తెలుసుకోండి. అక్కడి చట్టం ప్రకారం దొరికినవి గ్రీస్ ప్రభుత్వానివి, ప్రచురణకి అనుమతి కావాలి, కాబట్టి ఎంత ముచ్చటేసినా డైరెక్టర్‌ని అడక్కుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దు.