వెంచర్‌లో రాళ్లగుట్ట మీద గుడ్లగూబ గుడ్లు పెట్టింది. గుడ్లు పక్కకి మార్చి బ్లాస్టింగ్ చేసుకోవచ్చా?

మార్చకూడదు. ఈ మాట కాంట్రాక్టర్‌కి ఈరోజే చెప్పండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

శంషాబాద్ దాటాక రాళ్లగుట్ట, బండ సందులో ఉత్త మట్టి మీద మూడు తెల్లటి గుండ్రటి గుడ్లు, దగ్గరికెళ్తే ఎగిరిపోయిన, తల మీద చెవుల్లాంటి ఈకలున్న పెద్ద పక్షి, అదీ ఫిబ్రవరిలో. మీరు రాసినవన్నీ మన దక్కన్ గుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబకే సరిపోతున్నాయి. ఇది పుల్లలతో గూడు కట్టదు. దానికి ఆ చోటే గూడు. గుడ్లు పక్క బండ కిందికి జరిపితే వెతుక్కుంటూ వచ్చి పొదగదు. పట్టా భూమి అయినా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లు పాడుచేయడం, గూటిని కదపడం వేట కిందికే వస్తాయి. కేసయితే మేస్త్రీతో పాటు యజమాని మెడకీ చుట్టుకుంటుంది.

ఇప్పుడు రోజుల లెక్క. పొదగడానికి 33 రోజులు అటూ ఇటూ. గుడ్లు ఎప్పుడు పెట్టిందో మీకు తెలీదు కాబట్టి చూసిన రోజు నుంచే లెక్కేయండి, మార్చి మధ్యకి పిల్లలు వస్తాయనుకోండి. చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. పిల్లలు ఎగరడం రాకముందే గూడు వదిలి బండల మధ్య నడుస్తూ తిరుగుతాయి. గూడు ఖాళీగా కనపడగానే "వెళ్లిపోయాయి" అని జేసీబీ దింపుతారు, పిల్లలు ఆ పక్క రాళ్ల కిందే ఉంటాయి. తల్లిదండ్రుల మీద అవి ఆధారపడేది దాదాపు ఆరు నెలలు. అంటే మీ గుట్ట మీద సెప్టెంబరు మధ్య దాకా పని పెట్టుకోవద్దు. మళ్లీ నవంబరు నుంచి కొత్త సీజన్ మొదలవుతుంది, అదీ చాలాసార్లు అదే చోట. కొట్టక తప్పదంటే మీకు దొరికేది సెప్టెంబరు చివర, అక్టోబరు మాత్రమే. అప్పుడు కూడా రెండు మూడు సాయంత్రాలు చూసి, పక్షి లేదని ఖాయం చేసుకున్నాకే.

ఎంత దూరం వదలాలి? మన చట్టంలో ఇన్ని మీటర్లని అంకె లేదు. అమెరికాలో బాల్డ్ ఈగిల్ అనే గద్దల కోసం 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గూటి నుంచి చూస్తే పని కనపడేట్టుంటే 660 అడుగులు, కనపడకపోతే 330 అడుగులు, బ్లాస్టింగ్‌కి అర మైలు. అది వేరే పక్షి, వేరే నేల. మన గుట్టల దగ్గర పనికొచ్చేది ఇది: 150 మీటర్ల లోపల మనిషి, మెషిన్ రెండూ వద్దు; కంప్రెసర్, జాక్‌హ్యామర్ 300 మీటర్ల అవతల; ఈ సీజన్‌లో బ్లాస్టింగ్ మీ సైట్‌లో ఎక్కడా వద్దు. మీ సైట్‌లో అర మైలు దూరం ఎలాగూ దొరకదు. "కెమికల్ పోసి పగలగొడతాం, శబ్దం రాదు" అంటారు. ఆ కెమికల్ పోయాలన్నా ముందు రాయికి హోల్స్ కొట్టాల్సిందే, ఆ డ్రిల్ మోత చాలు తల్లి గుడ్లు వదిలి ఎగిరిపోవడానికి. మార్చి ఎండకి బండ కాలుతుంది. తల్లి ఎగిరిపోతే గుడ్లు, కళ్లు తెరవని పిల్లలు ఆ వేడికి తట్టుకోలేవు. ఈలోపు కాకి, ముంగిస, కుక్క ఏదో ఒకటి వస్తుంది.

కంచె గూటి చుట్టూ వేయొద్దు. 150 మీటర్ల దగ్గరే గ్రీన్ నెట్ కట్టి "ప్రమాదం, లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టండి. గుడ్లగూబ అన్న మాట ఎక్కడా రాయకండి. లొకేషన్, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. క్షుద్రపూజల పేరుతో వీటిని కొనేవాళ్లున్నారు, దీపావళి ముందు మరీ ఎక్కువ. అపశకునమని రాళ్లేసేవాళ్లూ ఉన్నారు. లేబర్‌తో కూర్చుని నెమ్మదిగా చెప్పండి: ఎలుకల్ని తినే పక్షి ఇది, చుట్టుపక్కల పొలాలకి మేలు చేసేది.

చూడాలంటే దూరం నుంచి, బైనాక్యులర్‌తో, పొద్దు గూకే అరగంట ముందు నుంచి చీకటి పడేదాకా. బండ మీద సున్నం కొట్టినట్టు తెల్లటి రెట్టలు, కింద పక్షి కక్కిన ఎలుక బొచ్చు, ఎముకల ఉండలు కనపడితే చోటు వాడుకలో ఉన్నట్టే. డ్రోన్ వద్దు, ఫ్లాష్ వద్దు.

పైకి కనపడని ప్రమాదం ఎలుకల మందు. లేబర్ షెడ్లో, సిమెంట్ గోడౌన్లో బ్రోమాడియోలోన్ కేకులు పెడతారు. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలాంటిదే గుడ్లగూబకి సులువుగా చిక్కుతుంది, విషం పిల్లల దాకా వెళ్తుంది. షెడ్ లోపల ఎలుకల బోన్లు వాడండి. అన్నం పారబోసే చోటు గుట్టకి దూరంగా పెట్టి, మూత ఉన్న డబ్బాలో వేయించండి. ఫ్లడ్ లైట్లు గుట్ట వైపు కాకుండా కిందికి తిప్పండి, అది వేటాడేది రాత్రి.

పిల్ల ఒకటి కాలువ తవ్విన గుంతలో పడిందనుకోండి. రెక్కలు విప్పి బుస కొడుతుంది, ముక్కు టకటకలాడిస్తుంది, భయపడకండి. మందపాటి గోనె కప్పి ఎత్తి, పడ్డ చోటికి దగ్గర్లోనే ఎత్తైన బండ మీద సాయంత్రం వదిలేయండి. ఇంటికి తీసుకెళ్లడం, నోట్లో నీళ్లు పోయడం రెండూ వద్దు. గాయమైతేనే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ వాళ్లకి ఇవ్వండి.

ఈ వారంలోనే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌కి సర్వే నంబరు, దూరం నుంచి తీసిన ఫొటో, చూసిన తేదీతో లెటర్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీకు ఆధారం అదే. ఈ నెలల్లో అవతలి వైపు రోడ్లు, డ్రైనేజీ, కాంపౌండ్ చేసుకోండి, పని ఆగదు.

అసలు నన్నడిగితే ఆ గుట్ట కొట్టొద్దు. పార్కుకీ ఓపెన్ స్పేస్‌కీ ఎలాగూ స్థలం వదలాలి కదా, లేఅవుట్ రివైజ్ చేయించి ఆ మూలనే చూపించండి. రాయి కొట్టే ఖర్చు కూడా మిగులుతుంది. అలా వదిలితే ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ స్తంభాలు గుట్ట పక్కన రాకుండా లైన్ మార్పించండి. పెద్ద రెక్కల పక్షి స్తంభం మీద వాలి ఒకేసారి రెండు వైర్లకి తగిలితే చచ్చిపోతుంది. మార్చడం కుదరకపోతే జంపర్ వైర్లకి, అంటే స్తంభం మీద లైన్లని కలిపే చిన్న తీగలకి, కరెంటు తగలకుండా ఇన్సులేషన్ స్లీవ్ (తొడుగు) వేయించండి.