రెండు చెరువులకీ 0.75 వస్తే రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా ఊరి రెండు చెరువుల్లో పిట్టల్ని లెక్కపెట్టాను. ఒక్కోదాంట్లో నాలుగు జాతులు, జాతికి పదేసి. మొదటి దాంట్లో పెద్ద తెల్లకొంగ, చిన్న తెల్లకొంగ, గుడ్డికొంగ, నారాయణ పక్షి. రెండో దాంట్లో గూడబాతు, నీటికాకి, ఓపెన్‌బిల్ కొంగ, లకుముకి పిట్ట. జాతుల వైవిధ్యాన్ని కొలిచే సింప్సన్ సూచీ రెండింటికీ 0.75 వచ్చింది. ముక్కు పొడుగు, ఆహారం లాంటి లక్షణాలు కూడా చూడమని మా గైడ్ అంటున్నారు. ఐదు లక్షణాలు ఇచ్చి చూస్తే, ఫంక్షనల్ రిచ్‌నెస్ లెక్కకట్టలేమని సాఫ్ట్‌వేర్ మొండికేసింది. ఏం చేయాలి?
- ఎమ్మెస్సీ విద్యార్థిని, ఏలూరు జిల్లా

జవాబు: మీ గైడ్ చెప్పింది నిజం. సింప్సన్‌కి కావలసింది తలల లెక్క, ఎవరు ఏం తింటున్నారో దానికి అక్కర్లేదు. మొదటి చెరువులో నలుగురిదీ ఇంచుమించు ఒకటే పని, లోతు లేని నీళ్లలో కదలకుండా నిలబడి చేప దగ్గరికొస్తే పొడవడం. రెండో చెరువులో గూడబాతు సంచితో తోడుకుంటుంది, నీటికాకి మునిగి వెంటాడుతుంది, లకుముకి కొమ్మ మీంచి దూకుతుంది, ఓపెన్‌బిల్‌కైతే ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, దాని ప్రధాన ఆహారం నత్తలు.

సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. ఫంక్షనల్ రిచ్‌నెస్ అంటే, ఒక్కో లక్షణాన్ని ఒక్కో దిశగా తీసుకుంటే ఏర్పడే జాగాలో జాతులన్నీ కలిసి ఆక్రమించిన ఘనపరిమాణం, దానికి లక్షణాల కంటే జాతులు ఎక్కువ ఉండాలి. నాలుగు జాతులకి ఐదు లక్షణాలిస్తే ఎలా?

మీకు సరిపోయేది రావు క్యూ అనే సూచీ. ఆ రావు ఎవరో కాదు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారే! 1982లో ఆయన ఇచ్చిన సూత్రాన్ని జీవావరణ శాస్త్రవేత్తలు తర్వాత లక్షణాలకు వాడుకున్నారు. మందలోంచి గుడ్డిగా రెండుసార్లు ఒక్కో పిట్టను ఎంచితే ఆ రెండింటి మధ్య సగటున ఎంత తేడా ఉంటుందో చెబుతుంది, అంతే. మొదటి చెరువులో ఏ రెండు జాతుల మధ్యైనా తేడా 0.2 అనుకోండి, వేర్వేరు జాతుల జతలు వరసతో సహా లెక్కేస్తే 12, ఒక్కో జత పడే అవకాశం 1/16, కాబట్టి 12 × 1/16 × 0.2, అంటే 0.15. రెండో దాంట్లో తేడా 0.8 అనుకుంటే 0.6. సింప్సన్ ఒకటే అన్నచోట ఇది నాలుగు రెట్లు.

ఆ తేడాలకు గోవర్ పద్ధతి వాడండి, అంకెలూ రకాలూ కలిసి ఉన్నా పనిచేస్తుంది. అన్నిటికంటే పొడుగు ముక్కు 30 సెంటీమీటర్లు, పొట్టిది 3 అయితే ఆ 27ని 1గా తీసుకోండి, అప్పుడు 12కీ 3కీ మధ్య తేడా 9/27, అంటే 0.33. ఆహారం ఒకటే అయితే 0, వేరైతే 1. తర్వాత లక్షణాలన్నిటి సగటు. ఒక్క జాగ్రత్త, ఆ 27 రెండు చెరువుల జాతులన్నీ కలిపి చూసిందై ఉండాలి, చాలామంది ఏ చెరువుకా చెరువు విడిగా తీసేసి తర్వాత పోలుస్తారు, ఆ పోలికకి అర్థమే లేదు.

ఇక ముక్కు పొడుగు, కాలు పొడుగు, బరువు మూడూ పెట్టేస్తే పిట్ట సైజునే మూడుసార్లు లెక్కపెట్టినట్టు. మీ ప్రశ్న తిండి గురించైతే ఆహారం, వేటాడే తీరు, వేటాడే లోతు, ముక్కు పొడుగు చాలు. ఆ కొలతల కోసం పిట్టల్ని పట్టుకోకండి, 1972 వన్యప్రాణి చట్టంతో చిక్కు. పక్షుల హ్యాండ్‌బుక్కుల్లో జాతి సగటులు ఉంటాయి, మీ పనికి అవి సరిపోతాయి.